గోడ కంటె ముందు నేలను చూడండి

ఢిల్లీలో ఐ.ఐ.టి. ఆవరణకు పక్కనే జియా సరాయ్ అనే చిన్న ఊరు ఉన్నది. పేరుకు ఊరేగాని, మహానగరం దానిని ఎన్నడో తనలో కలుపుకున్నది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదిగి నిలువవలసిన సందులు, గోడకు గోడ ఆనుకుని లేచిన అంతస్తుల ఇళ్ళు. పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులు దేశం నలుమూలల నుంచి వచ్చి ఇక్కడ అద్దె గదుల్లో కాపురముంటారు. వారిలో తెలుగువారూ ఉంటారు. తలాపున గోడ బీటవారితే, అద్దెకున్నవాడు దానిమీద ఒక క్యాలెండరు తగిలించి చదువులో పడిపోవచ్చు. పదేళ్ళ తరువాత, ఉద్యోగం స్థిరపడి, గుంటూరులోనో నంద్యాలలోనో సొంత ఇల్లు కొనబోయే వేళ అటువంటి బీటే కంటబడితే క్యాలెండరుతో పని జరగదు. ఇరవై ఏళ్ళపాటు తీర్చవలసిన బ్యాంకు అప్పు ఆ బీటమీద ఆధారపడి ఉంటుంది.

అయితే ఈ రెండు బీటలూ ఒకటి కావు. ఢిల్లీ నేల చాలావరకు ఇసుకపాలు కలిసిన మెత్తని ఒండ్రు. దక్షిణాన ఆరావళి శిల పైకి తేలుతుంది. ఈ నేల రేగడివలె ఉబ్బేది కాదు. అక్కడి ఇళ్ళకు ముప్పు సాధారణంగా మనిషి చేతినుంచే వస్తుంది: రెండంతస్తులకు వేసిన పునాదిమీద ఐదంతస్తులు లేపడం, పునాది పక్కన నీరు నిలవనివ్వడం. 2010 నవంబరు 15న తూర్పు ఢిల్లీ లక్ష్మీనగర్‌లో ఒక బహుళ అంతస్తుల భవనం కూలి సుమారు డెబ్బై మంది మరణించారు. ఆ ఏటి వానల తరువాత దాని నేలమాళిగలో నీరు నిలిచి ఉన్నట్లు అప్పట్లో బయటపడింది.

నల్లరేగడిమీద కథ వేరు. ఇక్కడ ఇంటి బరువు ఎంత తక్కువైనా ప్రమాదం తప్పదు. నిజానికి తేలికైన ఒంటి అంతస్తు ఇల్లే ఎక్కువగా దెబ్బతింటుంది. ఎందుకంటే కదిలేది ఇల్లు కాదు, నేల. రేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది. ఫ్రాన్సులోని ఒక ఊరి పేరు దీనికి వచ్చింది. దీని సూక్ష్మమైన పొరలు తాటాకుల కట్టలోని ఆకులవలె ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. నీరు ఆ పొరల మధ్యకు చొరబడితే కట్ట ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. వేసవిలో చేలు నెర్రెలు విచ్చడం, తొలకరికి ఆ నెర్రెలు మూసుకుపోవడం రైతుకు కొత్త కాదు. అదే నేల ఇంటికింద కూడా ఏటేటా లేస్తూ, దిగుతూ ఉంటుందన్న మాటే కొనుగోలుదారుకు తట్టదు.

ఇల్లు ఒక గొడుగువంటిది. దాని నడుమ కింది మట్టికి ఎండ తగలదు గనుక తేమ నిలిచి ఉంటుంది. అంచుల కింది మట్టి మాత్రం వేసవిలో ఎండి దిగుతుంది, వానకు తడిసి లేస్తుంది. మూలలు దిగినపుడు గోడ నడుమ విరుచుకున్నట్లయి, కిటికీల మూలలనుంచి ఏటవాలుగా బీటలు పుడతాయి. అవి పైన వెడల్పుగా, కిందికి సన్నగా ఉంటే మూలలు దిగుతున్నాయని అనుమానించాలి. కింద వెడల్పుగా ఉంటే నడిభాగం కుంగుతున్నదేమో చూడాలి. సున్నం పూతలోని వెంట్రుకవాసి గీతలకు భయపడనక్కరలేదు. వాటిని చూసి బేరం మానుకున్నవారు ఏ ఇల్లూ కొనలేరు.

కొత్తగా రంగు వేసిన ఇంట్లో గోడలు నోరు విప్పవు. తలుపులు విప్పుతాయి. తలుపు పైఅంచును ఒకవైపు మాత్రమే చిత్రిక పట్టి ఉంటే, ఆ ద్వారబంధం ఎప్పుడో ఓరగిలిందన్న మాట. తరువాత బయటికి వచ్చి ఇంటిచుట్టూ నడవాలి. డాబామీది వాననీరు ఎక్కడ పడుతున్నది? స్నానాల గది గొట్టం పునాది పక్కనే కారుతున్నదా? ఇంటిచుట్టూ వేసిన సిమెంటు చప్టా గోడనుంచి విడిపోయిందా? పెద్ద చెట్టు ఉంటే, దాని ఎత్తెంతో ఇంటికి అంత దూరమైనా ఉండడం క్షేమం. వేసవిలో దాని వేళ్ళు పునాది కింది తేమను లాగివేస్తాయి. చెట్టును కొట్టివేయడం కూడా మందు కాదు. తాగేవారు లేక ఆ తేమ తిరిగి చేరి నేల ఉబ్బవచ్చు.

కంటికి కనిపించేది ఇంతవరకే. మిగిలినది తవ్వి చూడవలసిందే. యజమాని ఒప్పుకుంటే ఇంటి మూలలో ఇంజనీరు సమక్షంలో ఒక గొయ్యి తీయించి, పునాది ఎంత లోతున, దేనిమీద కూర్చున్నదో చూడాలి. ఆ మట్టిని ప్రయోగశాలకు పంపితే చేసే పరీక్ష విచిత్రంగా ఉంటుంది. ఎండబెట్టి జల్లించిన పది గ్రాముల మట్టిని నీళ్ళ గాజుగొట్టంలో ఒకదానిలో, మరో పది గ్రాములు కిరోసిన్‌ గొట్టంలో పోస్తారు. కిరోసిన్‌లో రేగడి ఉబ్బదు. ఒక రోజు గడిచాక కిరోసిన్‌లో 10 మిల్లీలీటర్ల మేర నిలిచిన మట్టి నీటిలో 15 మిల్లీలీటర్లకు పెరిగితే, ఉబ్బు 50 శాతం. అంతకు మించితే ఆ నేలను అతి ప్రమాదకరమైన తరగతిలో చేర్చుతారు.

అంతటి నేలమీద ఇల్లు కట్టరాదని కాదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇటువంటి నేలలకోసమే అడుగున ఉబ్బెత్తు బుడ్డి గల కాంక్రీటు స్తంభాలను రూపొందించింది. వీటిని అండర్‌రీమ్‌డ్‌ పైల్స్ అంటారు. బుడ్డి వ్యాసం సాధారణంగా స్తంభం వ్యాసానికి రెండున్నర రెట్లు. ఋతువులతో మారే తేమ చేరని లోతున, సుమారు మూడున్నర మీటర్ల దిగువన, బుడ్డి లంగరువలె పట్టుకుంటుంది. స్తంభాలను కలిపే దూలానికీ నేలకూ నడుమ సుమారు 8 సెంటీమీటర్ల ఖాళీ వదులుతారు. నేల లేచినా దూలాన్ని తన్నకూడదు గదా. అమ్మేవారిని అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: పునాది ఏ రకం? పని జరిగినప్పటి ఫొటోలున్నాయా?

ఈ ప్రశ్న అడగడానికి సంకోచించేవారు అమరావతిని గుర్తు చేసుకోవచ్చు. 2018 డిసెంబరులో అక్కడ సచివాలయ భవనాలకు భారీ రాఫ్ట్ పునాది వేశారు. 2019 తరువాత పనులు ఆగి, పునాదులు నీటిలో మునిగాయి. 2024లో పనులు తిరిగి మొదలుపెట్టదలచిన ప్రభుత్వం ముందుగా ఐ.ఐ.టి. నిపుణులను రప్పించింది. సచివాలయం పునాదుల పరిశీలన మద్రాసు వారికి, నివాస భవనాలది హైదరాబాదు వారికి అప్పగించారు.

చట్టం సహాయం కొంతవరకు ఉన్నది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, ఇల్లు స్వాధీనపరచిన ఐదేళ్ళలోపు నిర్మాణ లోపం చూపితే, నిర్మాత ముప్పై రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలి. చిన్న స్థలాల్లోని చిన్న ప్రాజెక్టులకు ఈ నమోదు వర్తించదు. పాత ఇల్లు మరొకరినుంచి కొనేవారు దీనిని నమ్ముకోలేరు.

అటువంటివారికి కాలమే మంచి పరీక్షకుడు. వీలైతే ఇంటిని రెండుసార్లు చూడాలి: మే నెలాఖరున ఒకసారి, గట్టి వానలు కురిశాక ఒకసారి. బయానా ఇచ్చే ముందు యజమానితో మాట్లాడి, అనుమానాస్పదమైన బీటకు అడ్డంగా సన్నని గాజుపలకను రెండువైపులా సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాయించండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. అలా వేయించడానికి యజమాని ససేమిరా అంటే, ఆ ఇంటి గురించి ఆయనకు మీకంటె ఎక్కువే తెలిసి ఉండవచ్చు.