గొలుసు ఎందుకు ఊడుతుంది?

చంపాపేట్‌లో గాని, మీ ఊళ్లో గాని సరుకు మోసే మూడు చక్రాల రిక్షాను మీరు చూసే ఉంటారు. నిండు బరువుతో ఎత్తు ఎక్కుతుండగా టక్కున గొలుసు ఊడిందనుకోండి. బండి వెనక్కి జారుతుంది. తొక్కేవాడి శ్రమ వృథా, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. మరి కొత్త గొలుసు వేసినా మళ్లీ ఎందుకు ఊడుతుంది?

మామూలు సైకిలులో వెనుక చక్రం ఫ్రేములోనే కుదురుగా కూర్చుంటుంది. మూడు చక్రాల బండిలో అలా కాదు. సైకిలు ముందు భాగానికి వెనుక చట్రాన్ని వెల్డింగు చేస్తారు. అతుకు చల్లారేటప్పుడు లోహం ముడుచుకుని చట్రాన్ని ఒక పక్కకు లాగుతుంది. దాంతో ఇరుసు ఓరగా నిలుస్తుంది.

ఆ ఓర ఎంత నష్టం చేస్తుందో లెక్క కట్టండి. 90 సెంటీమీటర్ల ఇరుసుకు ఒక కొన రెండో కొన కన్నా 1 సెంటీమీటరు వెనక ఉందనుకుందాం. అప్పుడు దాని మీది పళ్లచక్రం చూసే దిశ, మీటరు దూరంలో 1.1 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. గొలుసు లోపలి వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లే! ఇక పళ్లు ఒక పక్కనే అరగవా?

దీన్ని పట్టడానికి ఒక దారం చాలు. ముందుగా ఇరుసు నడిమి బిందువు ఫ్రేము నడిమిగీత మీద ఉందో లేదో చూడాలి. తర్వాత హ్యాండిల్ గొట్టం అడుగున మధ్య బిందువు నుంచి ఇరుసు రెండు కొనలకూ దారంతో కొలవాలి. రెండు కొలతలూ సమానమైతే అది సమద్విబాహు త్రిభుజం. దాని మధ్యగతం భూమికి లంబం కదా! అంటే ఇరుసు సరిగా ఉన్నట్లే.

రెండో పరీక్ష: పెడళ్ల దగ్గరి పెద్ద పళ్లచక్రం ముఖానికి ఆనించి దారాన్ని వెనుక పళ్లచక్రం దాకా బిగించి లాగండి. అక్కడ ఒక అంచునే తాకితే చక్రం ఓరగా ఉంది. రెండంచులకూ సమానమైన ఖాళీ ఉంటే చక్రం ఓరగా లేదు, పక్కకు జరిగి ఉంది. దానికి తగిన మందం వాషర్లు వేస్తే చాలు.

ఈ వరుస తప్పకూడదు. ఇరుసు ఓరగా ఉండగా ఎన్ని వాషర్లు వేసినా తప్పు అలాగే ఉంటుంది. చివరగా గొలుసు బిగువు చూడాలి. పొడవైన గొలుసు బరువుకు కిందికి వేలాడుతుంది కనుక మధ్యలో ఒక చిన్న ఆధార చక్రం పెడతారు.

2005 జూలై 1న హైదరాబాదులో కె. సుధాకర్ 12.67 మీటర్ల ఎత్తున్న మూడు చక్రాల సైకిలును తొక్కి గిన్నిస్ రికార్డు సాధించారు. దాని చక్రం వ్యాసం 5.18 మీటర్లు! బండి చిన్నదైనా పెద్దదైనా సూత్రం ఒకటే: పళ్లచక్రాలు రెండూ ఒకే తలంలో ఉండాలి.

ఈ ఆదివారం మీ సైకిలుకే ఈ దారం పరీక్ష చేసి చూడండి!