క్షురధారయు త్రుప్పును

మడతకత్తి గడ్డముపై నడచు కాలము బహుస్వల్పము. తక్కిన దినమంతయు అది పొదిలోనో పెట్టెలోనో పడియుండును. వెండ్రుకలవలన ధార మొద్దువారుట సహజమేగాని, ఆ మొద్దును తోలుపట్టాయు, అప్పుడప్పుడు సానరాయియు తీర్చును. పనిలేక పడియున్నవేళ త్రుప్పు తినిన ధార యంత సులువుగ తీరునది కాదు. చెడినంత మేర ఉక్కును అరగదీసినగాని క్రొత్తధార రాదు.

చక్కగా నూరిన క్షురధార కొనయందలి మందము ఒక మైక్రానునకు, అనగా మిల్లీమీటరులో వేయవ పాలునకు, లోబడియే యుండును. కత్తివీపున వట్టి గోధుమవన్నె మచ్చయై నిలిచిపోవు త్రుప్పు, ధారయందు కంటికి కానరాకముందే దానిని గండ్లు గండ్లుగ కొరికివేయును. గీసికొనునపుడు చర్మము మంటపుట్టినచో పట్టా చాలలేదని తలంచి మరింత రుద్దువారు కలరు. పెక్కుసారులు ఆ దోషము క్రిందటి దినమున ధారపై నిలిచిపోయిన తేమదే.

ఈ కత్తికి తగిన ఉక్కునకై సాగిన అన్వేషణము శాస్త్రచరిత్రలో రమ్యమైన ఘట్టము. ఆంగ్లదేశమున డాంకాస్టరు పట్టణమందు గడియారములు చేయుచుండిన బెంజమిన్ హంట్స్‌మన్, తన కమానులకు దోషములేని ఉక్కు దొరకక, 1740 ప్రాంతమున ఉక్కును మూసలో కరగించి పోతపోయు విధానమును సాధించెను. షెఫీల్డు క్షురకత్తుల ఖ్యాతికి అదియే పునాది. అంతకు ఎంతయో పూర్వమునుండియు మన తెలంగాణమున కోనసముద్రము మున్నగు గ్రామములలో మట్టిమూసలయందు మేలైన ఉక్కు తయారగుచుండెను. దానికై పారశీక వర్తకులు అంతదూరము వచ్చెడివారు. బొంబాయినుండి హెలెనస్ స్కాట్ అను వైద్యుడు ఇట్టి భారతీయపుటుక్కు దిమ్మెలను లండనునకు పంపగా, జార్జి పియర్సన్ 1795లో వానిపై తన పరీక్షాఫలితములను ప్రకటించెను. కత్తులు చేయుటలో పేరుమోసిన జేమ్స్ స్టోడార్ట్ ఆ యుక్కుపై మక్కువపడి, మైకేల్ ఫారడేతో కూడి, దానిని అనుకరింపవలెననియు, త్రుప్పును నెదిరించు మిశ్రలోహమును కనుగొనవలెననియు 1818 మొదలు ప్రయోగములు సాగించెను. వెండి, ప్లాటినము, రోడియము మొదలగువానిని ఉక్కుతో కలిపి చూచిరి. అనంతరకాలమున విద్యుచ్ఛాస్త్రమునకు మహోపకారము చేసిన ఆ ఫారడే, తన ఉక్కుతో చేయించిన క్షురకత్తులను మిత్రులకు కానుకగ నిచ్చెడివాడు. త్రుప్పెరుగని కత్తి మాత్రము వారికి లభింపలేదు.

అది 1913లో షెఫీల్డునందే, తుపాకిగొట్టములకు తగిన లోహమును వెదకుచున్న హారీ బ్రియర్లీ చేతికి చిక్కినది. అతని ఉక్కులో నూటికి 12 పాళ్లకు మించి యున్న క్రోమియము, గాలితో కూడి పైని పలుచని ఆక్సైడు పొరయై, లోహమును కప్పి కాపాడును. అయినను క్షురకత్తులు చేయువారిలో పెక్కుమంది నేటికిని కర్బనపుటుక్కునే కోరుదురు. అది సన్ననిధారను సులభముగ గ్రహించుననియు, సానకు త్వరగ లొంగుననియు వారి యనుభవము. వారి తీర్పు సరియైనదనియే నా యభిప్రాయము. కాని దానిని అంగీకరించినవాడు త్రుప్పును కాచు భారమును తానే వహింపవలయును.

కేంబ్రిడ్జిలో యులిక్ ఎవాన్స్ ఉక్కురేకుపై ఉప్పునీటిబొట్టును నిలిపి చేసిన పరీక్ష ఈ విషయమున మిక్కిలి విలువైనది. బొట్టు అంచునకు ప్రాణవాయువు సులభముగ చేరును, నడుమకు చేరదు. ఆ భేదమువలన ఆ బొట్టే యొక చిన్న విద్యుద్ఘటమై, నడుమనున్న ఇనుము ఎలక్ట్రానులను విడిచి కరగుచుండ, అంచున ప్రాణవాయువు వానిని గ్రహించుచుండును. త్రుప్పు ఆ రెంటి నడుమ వలయమై పేరుకొనును. గాలి అందని తడియందే గుంట పడునని తెలిసినపిమ్మట, మడతకత్తి మొదట చీలయొద్దను, పిడిచెక్కల నడుమను ఏల చెడునో చెప్పనక్కరలేదు. చెమటలోని ఉప్పు ఈ వ్యాపారమును త్వరపెట్టును. గాలిలోని ఆర్ద్రత నూటికి 60 దాటినంతనే, మలినవాయువులు తోడైనచోట, త్రుప్పు విజృంభించునని వెర్నన్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. విశాఖపట్టణము, కాకినాడ, బందరు వంటి మన తీరపట్టణములలో వేకువగాలి సాధారణముగ ఆ హద్దునకు పైననే యుండును.

కావున గీసికొనుట ముగియగానే, పిడిలోనికి నీరు పోనీయక, అలుగును మాత్రము వేడినీట కడిగి, వీపునుండి ధారవైపునకు మెత్తనిగుడ్డతో తుడువవలయును. పిదప పట్టా యొక్క గుడ్డవైపున, వీపు ముందు నడచునట్లు, కొన్నిమార్లు లాగినచో చేతిగుడ్డకు అందని కొనతేమయు పోవును. చెక్కల నడుమను తుడిచి, కొంతసేపు తెరచియుంచి ఆరనిచ్చిన తరువాతనే మూయదగును. మరునాడే వాడుకొనువారికి ఇంతమాత్రము చాలును. కొన్నిదినములు దాచవలసినచో నూనె పూయవలెను, కాని తడిపై పూసిన నూనె తడిని లోపలనే బంధించును. మనయిండ్లలోని కొబ్బరినూనె కొంతకాలమునకు కనరెక్కి ఆమ్లములను పుట్టించును. అవిసెనూనె గట్టిపడి జిగురగును. జపానువారు కమీలియా గింజల నూనెను వాడుదురు. మనకు కుట్టుమిషను నూనె చుక్క యొకటి చాలును. తోలుఒర తేమను పీల్చి పట్టియుంచును గనుక దీర్ఘకాలము దాచుటకు పనికిరాదు, స్నానపుగదియు అట్టిదే.

తాతలనాటి కత్తులు కలవారు మరియొక సంగతి గమనింపవలయును. దంతమువలె గాని తాబేటిచిప్పవలె గాని కనుపించు పాతపిళ్లలో ననేకము సెల్యులాయిడుతో చేసినవి. అది ప్రాతబడి క్షీణించునపుడు నత్రజని ఆక్సైడులను వెలువరించును. అవి తేమతో కలిసి నత్రికామ్లమై, ఎంత నూనె పూసినను అలుగును తినివేయుటయేగాక, ప్రక్కనున్న కత్తులను సైతము చెరచును. అట్టి పిడిగల కత్తి మీ యింట నున్నచో దానిని తక్కినవానితో ఒకే పెట్టెలో నుంచకుడు. నిప్పునకు దూరముగ, గాలియాడుచోట వేరుగ నుంచుడు.