చలిరాత్రి కోళ్ళగూడు

మార్గశిరము ప్రవేశించగానే ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం పల్లెలలో సాయంకాలపు పనులకు మరొక పని తోడవుతుంది. పొద్దు వాలకముందే కోళ్ళను లెక్కపెట్టి గూటిలోనికి తోలి, తలుపు వేసి, సందులలో గుడ్డపేలికలు కుక్కి, పైన గోనెపట్టా కప్పి, ఈ మధ్యకాలములో అలవాటైన ప్లాస్టిక్ పట్టాను కూడా దానిమీద బిగించి, ఇల్లాలు తృప్తిగా లోపలికి వెళుతుంది. తెల్లవారి తలుపు తీయగానే ముక్కును పొడిచే ఘాటువాసన గుప్పుమంటుంది. పట్టా లోపలివైపు నీటిబొట్లు వ్రేలాడుతుంటాయి. రెండు మూడు కోళ్ళు తుమ్ముతుంటాయి. “పాపము, చలి తగిలింది” అని ఆ సాయంత్రము ఇంకొక గోనె కప్పుతారు.

చలికి చేసిన ఆ వైద్యమే రోగానికి దారి తీస్తున్నదని ఎవరికీ తోచదు.

ఈ ప్రాంతపు చలి ఎంతటిదో ముందు చూడాలి. డిసెంబరు, జనవరి మాసాలలో ఇక్కడ పగటి ఎండ 30 డిగ్రీల దరిదాపులలో ఉంటుంది. తెల్లవారుజామున అది 15, 17 డిగ్రీల నడుమకు దిగుతుంది; కొన్ని రాత్రులు ఇంకా క్రిందికి పోతుంది. మంచు కురిసే దేశాలలో వ్రాసిన పుస్తకాలు తిరగవేస్తే కోడి జుట్టు గడ్డకట్టి రాలుట, త్రాగే నీరు మంచుగడ్డ అగుట వంటి భయాలు కనబడతాయి. ఆ భయాలలో ఏదీ ఖమ్మం చలికి వర్తించదు. కోడి శరీరపు వేడి 41 డిగ్రీలకు పైమాటే. మన వేడికంటె నాలుగైదు డిగ్రీలు ఎక్కువ. ఈకలు గుల్లగా విప్పి, వాటి నడుమ గాలిని బంధించి, తలను రెక్కలో దాచుకొని కూర్చున్న పెద్దకోడికి 15 డిగ్రీలు ఒక లెక్కలోనివి కావు. కాని ఆ ఈకల నడుమ గాలి కదలకుండా ఉండాలి. ఈదురుగాలి సోకినా, ఈకలు తడిసినా ఆ దుప్పటి చిరిగినట్లే.

కోడికి చెమట పట్టదు. దేహములోని నీరు కొంత ఊపిరితోను, కొంత రెట్టతోను బయటికి పోతుంది. రెట్టలో మూడు వంతులు నీరే. పది కోళ్ళు పన్నెండు గంటలసేపు మూసిన గూటిలో ఊపిరి విడిస్తే ఆ చెమ్మ ఎక్కడికి పోవాలి? చల్లని పైకప్పును తాకి బొట్లుగా మారి కోళ్ళమీదనే పడుతుంది. తడిసిన రెట్ట కుళ్ళి అమ్మోనియా వాయువు పుడుతుంది. ఉదయము ముక్కును పొడిచేది అదే. అది కోడి కళ్ళను, శ్వాసనాళాలను ఒరిపెడుతుంది. ఒరిసిన చోట రోగక్రిమి సులువుగా నిలుస్తుంది. గూడు బాగున్నదో లేదో తెలుసుకొనుటకు యంత్రాలు అక్కరలేదు. తెల్లవారుజామున గొంతుకు కూర్చుని, తలను కోడి ఎత్తుకు దించి ఒకసారి గాలి పీల్చితే చాలును. నిలబడినవాని ముక్కుకు తెలియని సంగతి అక్కడ తెలుస్తుంది.

కనుక గూటిలోనికి గాలి రావాలి, కాని ఆ గాలి కోడిమీద వీచరాదు. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఉత్తరపు, తూర్పు వైపుల తడికకు క్రిందినుండి కోడి తలకు పైదాకా గోనెపట్టా కట్టి, కప్పు క్రింద చుట్టూ బెత్తెడు ఎడము విడిచిపెట్టాలి. వెచ్చని చెమ్మగాలి పైకి లేచి ఆ సందునుండి తనంతట తానే పోతుంది. పిల్లి, ముంగిస దూరకుండా ఆ సందుకు సన్నని ఇనుపవల కొట్టాలి. ఉదయము ఎండ రాగానే పట్టాను విప్పి ఆరవేయాలి; ఈ చివరి పనినే మరచిపోతుంటారు. గోడలోపల కట్టిన పాత మట్టిగూళ్ళకు ఒక్క వాకిలి తప్ప గాలిదారి ఉండదు. వాటికి పైభాగాన రెండు రంధ్రాలు తొలిచినా మేలే. వెదురుగంప క్రింద కోళ్ళను మూసేవారు గంపను పూర్తిగా కప్పక, గాలి వచ్చే వైపుననే గోనె వాల్చితే సరిపోతుంది.

వాకిలి ఏ దిక్కున ఉండాలన్నది బడిపిల్లలు తేల్చగల విషయము. ఖమ్మం ప్రాంతపు అక్షాంశము సుమారు 17 డిగ్రీల 15 నిమిషాలు. డిసెంబరు 22న మధ్యాహ్నము సూర్యుడు దక్షిణాకాశములో దాదాపు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. బడి ఆవరణలో ఒక మీటరు కర్ర నిలిపితే దాని నీడ ఉత్తరముగా 86 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. అదే జూన్ 21న అయితే సూర్యుడు నడినెత్తిని దాటి ఆరు డిగ్రీలు ఉత్తరానికి ఒరుగుతాడు. నీడ దక్షిణానికి తిరుగుతుంది. అనగా దక్షిణపు వాకిలి గల గూటిలోనికి చలికాలపు ఎండ లోపలిదాకా వస్తుంది, వేసవి నడిమి ఎండ రాదు. ఆ ఎండ చెమ్మను ఆర్చుతుంది, సందులలోని పేలను, గోమార్లను తగ్గిస్తుంది.

తెలుగువారు కోడిపుంజులను డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ అని రంగునుబట్టి విడదీసి, ఏది ఏనాడు గెలుచునో చెప్పుటకు కుక్కుటశాస్త్రమునే కల్పించినారు. ఆ పుంజు రాత్రి పండుకొనే గూటిని గురించి మాత్రము ఆ శ్రద్ధలో వీసమెత్తయినా చూపినట్లు లేదు. పందెపు అసీలు జాతికి ఈకలు పలుచన. బోసిమెడ కోళ్ళకు మెడమీద ఈకలే ఉండవు. గాలి సోకని చోటు మొదట వాటికి దక్కాలి.

ఇక నేల సంగతి. 2017 జనవరిలో భక్త రామదాసు ఎత్తిపోతల పథకము ప్రారంభమై పాలేరు జలాశయపు నీరు తిరుమలాయపాలెం మెట్టభూములకు ఎక్కినది. వరి పండే చోట ఊకకు కొరత ఉండదు. గూటి నేలమీద మూడంగుళాల మందాన ఎండు ఊక పరచి, రెండు మూడు దినాలకు ఒకసారి తిరగవేసి, తడిసి గడ్డకట్టిన దానిని ఎత్తిపోయాలి. ఆ ఊక చేనికి మంచి ఎరువు. కోడికి, వరికి గల చుట్టరికము పాతదేనట: ఆగ్నేయాసియాలో వరి, చిరుధాన్యాల సాగు అడవికోడిని చెట్టు దించి మనిషి చెంతకు తెచ్చినదని 2022లో ప్రకటితమైన పరిశోధనలు చెబుతున్నవి. చెట్టు దిగినా చెట్టుబుద్ధి పోలేదు. భద్రాచలము వైపు అడవులలోని అడవికోడి నేటికీ కొమ్మ ఎక్కియే నిద్రిస్తుంది. గూటిలో అడుగున్నర ఎత్తున రెండంగుళాల వెడల్పు గల కర్రను అడ్డముగా పెడితే పెరటికోడి కూడా నేల విడిచి దానిమీదికే చేరుతుంది. కాలివ్రేళ్ళను పొట్ట ఈకలతో కప్పుకొని కూర్చుంటుంది.

ఇంతవరకు చెప్పినది పెద్దకోళ్ళ మాట. పిల్లల మాట వేరు. వేసవి వేడికి గుడ్లు పొదుగుకు ముందే చెడిపోతాయి గనుక పల్లెలలో చలికాలమే పొదుగుకు అనువైన కాలము. ఇరవై ఒక్క దినాలకు పది పన్నెండు పిల్లలు దిగుతాయి. వాటిలో నాలుగు దక్కుట, తొమ్మిది దక్కుట అన్నది ఆ ఇంటికి చిన్న తేడా కాదు. కోళ్ళ డబ్బు ఇల్లాలి చేతి డబ్బు, పిల్లల నోటుపుస్తకాలు పలుమార్లు దానితోనే వస్తాయి. మొదటి వారాలలో కోడిపిల్ల తన వేడిని తాను నిలుపుకొనలేదు. తల్లి రెక్కలున్నవి గనుక నాటుపిల్లకు కొంత ధైర్యము. రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ వంటివి తల్లిలేని పిల్లలుగానే పెరటికి వస్తాయి. వాటికి మొదటి వారము 35 డిగ్రీల వేడి ఉండాలి; ఆపైన వారానికి మూడు డిగ్రీల వంతున తగ్గించాలి. పిల్లకు ఒకటి రెండు వాట్ల చొప్పున పాతకాలపు తీగ బల్బు వ్రేలాడదీస్తారు. ఎల్.ఇ.డి. దీపము వెలుతురు ఇస్తుంది గాని పిల్లలకు చాలినంత వేడి ఇవ్వదు. ఈ తేడా తెలియక పిల్లలను పోగొట్టుకొనుట కద్దు. దీపము క్రింద పిల్లలు గుంపు కట్టితే వేడి చాలలేదని, దూరముగా పోయి నోళ్ళు తెరిస్తే ఎక్కువైనదని, ఒక మూలకు ఒదిగితే ఎక్కడనుండో గాలి కొడుతున్నదని అర్థము. బొగ్గుల కుంపటిని మూసిన గదిలో పెట్టుట మాత్రము పిల్లలకే కాదు, ఆ గదిలో పండుకొన్న మనుష్యులకు కూడా ప్రాణాపాయము.

తుమ్మిన ప్రతి కోడికి చలి తగిలినదనుకొనుటలో మరొక ప్రమాదమున్నది. మెడ వంకర తిరుగుట, ఆకుపచ్చని విరేచనాలు, నోరు తెరిచి ఊపిరి తీయుట కొక్కెర తెగులు లక్షణాలు. భారతదేశములో 1927లో గుర్తించబడిన ఈ వ్యాధికి రాణిఖేత్ అనే కొండఊరి పేరు నిలిచినది. దానికి మందు లేదు. వెచ్చదనము ఏమీ చేయలేదు. పిల్లకు ఏడవ దినాన కంటిలో లసోటా చుక్క, ఎనిమిదవ వారాన ఆర్-2-బి సూది, ఇవే రక్ష. కోళ్ళు ఆరోగ్యముగా ఉన్నప్పుడే పశువైద్యశాలలో అడిగి వేయించాలి. జబ్బుకోడిని చవకగా సంతలో అమ్మినవాడు పది ఊళ్ళకు తెగులు పంచినవాడు అవుతాడు. 2019 పశుగణన ప్రకారము దేశములోని 85 కోట్ల కోళ్ళలో 31 కోట్లకు పైగా పెరటి కోళ్ళే.

చలికాలములో గుడ్లు తగ్గుటకు చలికంటె పొద్దు కుదించుకొనుటే ముఖ్య కారణము. డిసెంబరు చివర ఇక్కడి పగలు 11 గంటలకు కొంచెము పైన. సాయంత్రము పిడికెడు మొక్కజొన్న నూక అదనంగా వేస్తే రాత్రి వేడికి అక్కరకు వస్తుంది. గుడ్లు మాత్రము పొద్దుతోబాటే పెరుగుతాయి.

శివరాత్రి నాటికి గోనెలన్నీ విప్పి, ఉతికి, ఎండబెట్టి అటకమీద వేసుకొనవచ్చును. గూటికి సున్నము కొట్టి, కప్పుమీద తాటాకు మందము పెంచి, నీటి మూకుళ్ళు రెండింతలు చేసుకొనుటకు అదే తరుణము. ఆ తరువాత వచ్చేది ఖమ్మం వేసవి.