పాక్స్ వైరస్‌కి రెండు పొరలు ఎందుకు? చచ్చిన టీకా ఎందుకు పని చెయ్యలేదు?

ఎంపాక్స్ గురించి మాట్లాడిన ప్రతిసారీ నన్ను ఎవరో ఒకరు అడుగుతారు: "మా అమ్మ చేతి మీద మశూచి టీకా మచ్చ ఉంది కదా, ఆవిడకి ఇది రాదా?" అని. దీనికి జవాబు వైరస్ పైపొరలో ఉంది. ఈ రోజు అదే చూద్దాం.

ముందు ఒక మాట. ఆటలమ్మ, అంటే చికెన్ పాక్స్, పేరులో పాక్స్ ఉన్నా ఈ కుటుంబం కాదు. అది హెర్పిస్ జాతి. మశూచి, ఎంపాక్స్, టీకాలో వాడిన వాక్సీనియా, ఇవి మూడూ దగ్గర చుట్టాలు.

ఈ వైరస్ రెండు వేషాల్లో తిరుగుతుంది. మొదటిది ఒకే పొర ఉన్నది. గట్టి సరుకు. కణం పగిలితే బయటపడుతుంది, ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి చేరడానికి ఎక్కువగా ఇదే పనికొస్తుంది. రెండోది దాని మీద ఇంకో పొర కప్పుకున్నది. ఒంట్లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకేది ఇదే.

ఆ రెండో పొర కప్పడానికి ఎఫ్13 అనే ప్రోటీన్ కావాలి. 2018లో అమెరికాలో మశూచికి అనుమతి పొందిన టెకోవిరిమాట్ మందు సరిగ్గా దీన్నే అడ్డుకుంటుంది. ఎ36 అనే ఇంకో ప్రోటీన్, కణంలోని యాక్టిన్ పోగులతో వైరస్‌ని పక్క కణంలోకి తోయిస్తుంది. ఇంకా తమాషా ఏంటంటే, ఎ33, ఎ36 కలిసి కణం పైన కనిపిస్తే, కొత్తగా వచ్చి వాలిన వైరస్‌ని అవతలికి నెట్టేస్తాయి. "ఈ బస్సు నిండిపోయింది, ముందుకెళ్ళు" అన్నట్టు! అందుకే అంత వేగంగా పాకుతుంది.

ఇప్పుడు టీకా సంగతి. ఒకప్పుడు వైరస్‌ని చంపి టీకా చేస్తే ప్రమాదం తగ్గుతుంది కదా అనుకున్నారు. చేశారు. యాంటీబాడీలు కూడా వచ్చాయి. కానీ జంతువుల్లో రక్షణ సరిగ్గా రాలేదు. ఎందుకు? చంపినది మొదటి వేషాన్ని. రెండో పొరలోని బి5, ఎ33 ప్రోటీన్లని శరీరం అసలు చూడనే లేదు. దొంగ చొక్కా ఫోటో మాత్రమే ఇచ్చి, పైన కోటు వేసుకుని తిరిగేవాణ్ణి పట్టుకోమంటే ఎలా?

బతికున్న వాక్సీనియా టీకా ఒంట్లో పెరిగి రెండు వేషాలనీ చూపిస్తుంది. ఈ ప్రోటీన్లు ఎంపాక్స్‌లోనూ దాదాపు అలాగే ఉంటాయి. కాబట్టి అమ్మగారి మచ్చ ఉత్త మచ్చ కాదండి, కొంత రక్షణ మిగిలి ఉండొచ్చు. కానీ అది ఏళ్ళ తరబడి తగ్గుతుంది, పూర్తి హామీ కాదు. ఒంటి మీద అనుమానంగా పొక్కులు కనిపిస్తే మచ్చని నమ్ముకుని కూర్చోకండి, డాక్టర్‌కి చూపించండి.

మన దేశంలో మశూచి మళ్ళీ కనపడకుండా పోయింది 1975లో. ఆ తర్వాత కొన్నేళ్ళకి టీకా ఆపేశారు. అంటే నలభై ఏళ్ళ లోపు వాళ్ళకి ఆ మచ్చే లేదు. కొత్త టీకాల్లో రెండు పొరల ప్రోటీన్లనీ చేర్చడం మీద ఇప్పుడు అంత శ్రద్ధ పెట్టడానికి కారణం ఇదే.

సరే అండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.