పాత కంప్యూటర్‌ను పారవేసే ముందు

ఉప్పల్ నుంచి నాచారం వరకు, పారిశ్రామికవాడల చుట్టూ విస్తరించిన బస్తీల్లో ఒకే ఒక్క పాత కంప్యూటర్‌తో నెట్టుకొస్తున్న ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2020లో బడులు మూతపడి పాఠాలు ఇంటర్నెట్‌కు మారినప్పుడు హడావిడిగా కొన్నవి కొన్ని. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చుకున్నవి మరికొన్ని. డిగ్రీ ప్రవేశాలకు 'దోస్త్'లో పేరు నమోదు చేసుకోవాలన్నా, ఉపకార వేతనానికి ఈ-పాస్‌లో దరఖాస్తు నింపాలన్నా, ఇంటి ఆడపిల్లలు పరదా పాటిస్తూ ఖుర్ఆన్ తజ్వీద్ పాఠాలు వినాలన్నా ఆ యంత్రమే ఆధారం.

అటువంటి యంత్రంలో బ్రౌజర్ తెరుచుకోవడానికే అయిదు నిమిషాలు పడుతుంటే ఇంట్లో సహనం నశిస్తుంది. దరఖాస్తుకు గడువు ముగిసే రోజున సగం నింపిన పత్రం తెరపై స్తంభించిపోతుంది. "ఇది పాతదైపోయింది, పనికిరాదు, కొత్త ల్యాప్‌టాప్ వాయిదాల మీద తీసుకుందాం" అన్న మాట అప్పుడే పుడుతుంది. నెల జీతంపై బతికే తండ్రి ఏడాది, ఏడాదిన్నర పాటు వడ్డీతో కూడిన అప్పులో చిక్కుకోవడానికి ఆ ఒక్క మాట చాలు. అందుచేత ఈ విషయాన్ని కేవలం సాంకేతిక విషయంగా భావించరాదని మా అభిప్రాయం. ఇందులో దుబారా ఉంది, రిబా ఉంది, పిల్లల చదువు ఉంది.

యంత్రం ఎందుకు నెమ్మదిస్తుంది?

మదరసా విద్యార్థికి సులభంగా అర్థమయ్యే ఉపమానం ఒకటి ఉంది. గోడ పక్కన గ్రంథాలతో నిండిన బీరువా ఉంటుంది, విద్యార్థి ముందు చిన్న బల్ల ఉంటుంది. చదివే గ్రంథాన్ని బీరువాలో నుంచి తీసి బల్ల మీద పెట్టుకుంటాడు. బల్ల మీద నాలుగు గ్రంథాలే పడతాయి. అయిదవది కావాలంటే ఒకదాన్ని తీసుకెళ్లి బీరువాలో పెట్టి రావాలి. అలా పదే పదే లేచి తిరిగేవాడికి చదువు సాగదు. కంప్యూటర్‌లో ఆ బల్ల పేరు ర్యామ్, ఆ బీరువా పేరు డిస్క్.

పాత కంప్యూటర్లలో ర్యామ్ సాధారణంగా 4 జీబీ ఉంటుంది. విండోస్ లేచి నిలబడటానికే అందులో సుమారు సగం ఖర్చవుతుంది. మిగిలిన చోటులో బ్రౌజర్ సర్దుకోవాలి. 2008లో గూగుల్ క్రోమ్ వచ్చినప్పుడు ట్యాబులను వేర్వేరు ప్రక్రియలుగా నడిపే పద్ధతిని తెచ్చింది. ఒక పేజీ చెడినా మిగతావి చెడకుండా ఉండటానికి అది మంచి ఏర్పాటే. కానీ దాని మూల్యాన్ని ర్యామ్ చెల్లించాలి. పైగా నేటి వెబ్ పేజీలు పదిహేనేళ్ల నాటి పేజీల కంటే ఎన్నో రెట్లు బరువైనవి. ఒక వార్త చదవడానికి వెళితే దాని వెంట ప్రకటనలు, వాటంతటవే ఆడే వీడియోలు, మన కదలికలను గమనించే లిపులు పదుల సంఖ్యలో వచ్చి పడతాయి. యంత్రం శక్తి ఏమీ తగ్గకపోయినా దాని మీద మోపిన బరువు పెరిగింది. బరువు దించితే చాలా యంత్రాలు మళ్లీ నడుస్తాయి.

ముందు రోగనిర్ధారణ

హకీమ్ నాడి చూడకుండా మందు ఇవ్వడు. మొదట లోపం ఇంటర్నెట్‌లో ఉందా, యంత్రంలో ఉందా అన్నది తేల్చుకోవాలి. ఇంట్లోని అదే వైఫైతో ఫోన్‌లో అదే పేజీని తెరవండి. ఫోన్‌లోనూ నెమ్మదిగానే వస్తే లోపం ఇంటర్నెట్ లైనుది లేదా ఆ వెబ్‌సైటుది. గడువు చివరి రోజున ప్రభుత్వ వెబ్‌సైట్లు జనం తాకిడికి మొరాయించడం తెలిసిందే. ఫోన్‌లో వెంటనే వచ్చి కంప్యూటర్‌లో రాకపోతే యంత్రాన్ని పరీక్షించాలి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కితే విండోస్ టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో మెమరీ ఎదురుగా 90 శాతం దాటి కనబడితే బల్ల నిండిపోయిందని అర్థం. డిస్క్ ఎదురుగా చాలాసేపు 100 శాతం నిలిచి ఉంటే బీరువా దగ్గర తొక్కిసలాట జరుగుతోందని అర్థం. సీపీయూ ఎప్పుడూ నిండుగా కనబడితే ఏ కార్యక్రమం దాన్ని తింటున్నదో ఆ జాబితాలోనే పేరుతో సహా ఉంటుంది. ఈ మూడు అంకెలు చూసిన తరువాతే చేయి పెట్టాలి.

ఖర్చులేని చికిత్స

మొదటిది, రీస్టార్ట్. విండోస్ 10లో సాధారణంగా షట్‌డౌన్ నొక్కినప్పుడు వ్యవస్థలోని కొంత భాగం డిస్కులో భద్రమై, మరునాడు అదే మళ్లీ లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. నెలల తరబడి రీస్టార్ట్ చూడని యంత్రాలు ఎన్నో ఇళ్లలో ఉన్నాయి.

రెండవది, ట్యాబులు. 4 జీబీ యంత్రంలో నాలుగైదు ట్యాబులకు మించి తెరిచి ఉంచరాదు. మళ్లీ చూడవలసిన పేజీని బుక్‌మార్క్ చేసి మూసివేయాలి. క్రోమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ అనే విభాగం ఉంది. అక్కడ మెమరీ సేవర్‌ను ఆన్ చేస్తే వాడకంలో లేని ట్యాబులను అది నిద్రపుచ్చుతుంది. ఎడ్జ్‌లోనూ ఇటువంటి సదుపాయమే ఉంది.

మూడవది, ఎక్స్‌టెన్షన్లు. పిల్లలు ఉచితంగా దొరికిందని ఏదో ఒక పీడీఎఫ్ కన్వర్టర్‌నో, వీడియో డౌన్‌లోడర్‌నో దించుకుంటారు. దాని వెంట పిలవని అతిథులు రెండు మూడు వచ్చి బ్రౌజర్‌లో తిష్ట వేస్తాయి. ఎక్స్‌టెన్షన్ల జాబితా తెరిచి, ఇంట్లో ఎవరికీ అవసరం లేనివాటిని తొలగించాలి. అలాగే కుడివైపు మూలన ఎప్పుడూ ప్రకటనలు పాప్‌అప్ అవుతుంటే, ఏదో వెబ్‌సైటుకు పొరపాటున 'అలౌ' నొక్కి అనుమతి ఇచ్చి ఉంటారు. సెట్టింగ్స్‌లోని నోటిఫికేషన్ల విభాగంలో ఆ అనుమతిని రద్దు చేయాలి.

నాల్గవది, యంత్రంతోపాటే నిద్ర లేచే కార్యక్రమాలు. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ విభాగంలో అవసరం లేనివాటిని డిసేబుల్ చేయవచ్చు. యాంటీవైరస్‌ను మాత్రం తీయరాదు. అయితే రెండు యాంటీవైరస్‌లు ఒకే యంత్రంలో ఉంటే అవి ఒకదాని పనికి మరొకటి అడ్డుపడతాయి, ఒకటే ఉంచాలి.

ఇక రెండు అపోహలు. రోజూ క్యాష్‌ను తుడిచివేస్తే వేగం పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. క్యాష్ అంటే ఒకసారి తెచ్చిన బొమ్మలను, లిపులను మళ్లీ తేనవసరం లేకుండా దాచుకున్న నిల్వ. రోజూ దాన్ని తుడిస్తే ప్రతి పేజీ మళ్లీ మొదటి నుంచి రావాలి, వేగం తగ్గుతుంది. ఏదైనా పేజీ చెదిరిపోయి కనబడినప్పుడో, డిస్క్ పూర్తిగా నిండినప్పుడో మాత్రమే దాన్ని తుడవాలి. రెండవ అపోహ, వేగం పెంచుతామని ప్రకటించుకునే 'క్లీనర్', 'బూస్టర్' సాఫ్ట్‌వేర్లు. అవి కూడా ర్యామ్‌లో కూర్చునే కార్యక్రమాలే. బరువు దించుతామని వచ్చి తామే బరువవుతాయి.

ప్రకటనలు, మన చూపు

ప్రకటనలను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ ఒక్కటి పెట్టినంత మాత్రాన పాత యంత్రంలో వచ్చే మార్పు ఆశ్చర్యం కలిగిస్తుంది. పేజీ బరువులో పెద్ద భాగం ప్రకటనలదే కావడం దీనికి కారణం. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి స్థాయిలో పనిచేస్తుంది. క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ల నిబంధనలను మార్చినందున అందులో దాని తేలికపాటి రూపమైన యూబ్లాక్ ఆరిజిన్ లైట్ మాత్రమే లభిస్తుంది.

విశ్వాసుల కుటుంబానికి ఇందులో మరొక మేలు ఉంది. చూపును కాపాడుకోమని స్త్రీ పురుషులిద్దరికీ అల్లాహ్ ఆజ్ఞాపించాడు. పాఠం వినడానికి కూర్చున్న పిల్లవాడి కళ్లెదుట అశ్లీల చిత్రాలు, జూదపు ఆటల ప్రకటనలు వచ్చి పడుతుంటే తల్లిదండ్రులు ఎంతసేపని కాపలా కాస్తారు? ప్రకటనలు ఆగితే బ్రౌజర్ వేగం పుంజుకుంటుంది, చూపుకూ కొంత రక్షణ లభిస్తుంది. అయినా ఏ ఎక్స్‌టెన్షనూ తల్లిదండ్రుల పర్యవేక్షణకు ప్రత్యామ్నాయం కాదు. కంప్యూటర్‌ను ఇంట్లో నలుగురూ తిరిగే గదిలోనే ఉంచాలి.

కొద్దిపాటి ఖర్చుతో

ఇవన్నీ చేసినా డిస్క్ అంకె 100 దగ్గరే నిలిచి ఉంటే లోపం బీరువాదే. పాత హార్డ్‌డిస్కులో తిరిగే పళ్లెం, దాని మీద కదిలే ముల్లు ఉంటాయి. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డి పెడితే కదిలే భాగమే ఉండదు, యంత్రం తెరుచుకునే సమయం నిమిషాల నుంచి క్షణాలకు తగ్గుతుంది. మెమరీ అంకె ఎప్పుడూ నిండుగా ఉంటే ర్యామ్‌ను 8 జీబీకి పెంచాలి. ఈ రెండింటి ఖర్చు కొత్త ల్యాప్‌టాప్ ధరలో కొంత భాగమే.

ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగితే పార్క్‌లేన్ దుకాణాలు దగ్గరే. వెళ్లే ముందు మూడు జాగ్రత్తలు పాటించాలి. ఇంటి ఫొటోలు, సర్టిఫికెట్లు, పత్రాలు వేరే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. ఆ మోడల్‌లో ర్యామ్ మార్చే వీలుందో లేదో అడగాలి, కొన్ని ల్యాప్‌టాపుల్లో అది బోర్డుకే అతికించి ఉంటుంది. విండోస్ 32 బిట్ రకమైతే 4 జీబీకి మించిన ర్యామ్‌ను సాధారణంగా వాడుకోలేదు కనుక 64 బిట్‌కు మార్చించాలి. నాలుగు దుకాణాల్లో ధర విచారించి, బిల్లు, వారంటీ తీసుకోవాలి. పరదా పాటించే ఇంటి ఫొటోలు ఉన్న పాత డిస్కును దుకాణంలో వదిలి రాకూడదు.

విండోస్ కాలం ముగిసినప్పుడు

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ముగిసింది. క్రోమ్ 2023 నుంచి దానికి కొత్త వెర్షన్లు ఇవ్వడం మానివేసింది, 109వ వెర్షనే చివరిది. విండోస్ 10కు కూడా సాధారణ ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగాయి. భద్రతా సవరణలు రాని విండోస్ 7 యంత్రంలో బ్యాంకు లావాదేవీలు చేయడం తాళం లేని ఇంట్లో నగలు పెట్టినట్టే.

అటువంటి యంత్రానికి లినక్స్ ఒక మార్గం. అది ఉచితం, దొంగ కాపీ వాడవలసిన అవసరం ఉండదు. పరుల సొత్తును అనుమతి లేకుండా వాడుకోవడం గురించి మనస్సాక్షికి జవాబు చెప్పుకోవలసిన వారికి ఇది చిన్న విషయం కాదు. లినక్స్ మింట్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం 2 జీబీ ర్యామ్‌తోనూ నడుస్తుంది, 4 జీబీతో సాఫీగా సాగుతుంది. మన ప్రభుత్వ సంస్థ సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ కూడా ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసుకుని, నచ్చితేనే స్థాపించుకోవచ్చు. తెలుగులో రాయడానికి, ఉర్దూలో చదవడానికి అందులో ఏ ఇబ్బందీ లేదు.

వడ్డీ లేని వాయిదా ఉందా?

దుకాణాల ముందు "సున్నా వడ్డీ" అన్న బోర్డు చూసి ఊరట చెందేవారున్నారు. భారతీయ రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు పంపిన ఆదేశంలో, సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, ఇటువంటి పథకాల్లో వడ్డీని ప్రాసెసింగ్ రుసుముగా మార్చి వినియోగదారునిపై వేస్తున్నారని పేర్కొన్నది. దుకాణదారుడే తన సరుకుకు ఒక ధర నిర్ణయించి, ఆలస్యానికి అదనం వేయకుండా వాయిదాల్లో తీసుకోవడం ధర్మసమ్మతమైన వ్యాపారమే. మధ్యలో ఫైనాన్స్ సంస్థ అప్పు ఇచ్చి, ఆలస్యమైతే జరిమానా వడ్డీ వేసే ఒప్పందం వేరు. సంతకం చేయకముందే కాగితాన్ని ఆలిమ్‌కు చూపించి అడగాలి.

దైవప్రవక్త (స) తమ చెప్పులను తామే కుట్టుకునేవారని, బట్టలకు తామే అతుకులు వేసుకునేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలిపారు. వాడుకోగలిగిన వస్తువును బాగుచేసుకోవడం పేదరికపు గుర్తు ఎంతమాత్రం కాదు, అది సున్నత్ బాటలోని గౌరవం. మా విద్యార్థులకు మేము చెప్పేదీ ఇదే.

బాగుచేయడానికి వీలులేని యంత్రాలూ ఉంటాయి. బోర్డు కాలిపోయినప్పుడు, మరమ్మతు ఖర్చు మంచి సెకండ్‌హ్యాండ్ యంత్రం ధరకు చేరినప్పుడు దాన్ని వదిలేయడమే వివేకం. కొత్తది నెలనెలా పొదుపు చేసి గానీ, బంధువుల వద్ద ఖర్జె హసనా తీసుకుని గానీ కొనుక్కోవాలి. పాతదాన్ని మాత్రం తీగలు కాల్చి రాగి తీసే వారికి అప్పగించరాదు. ఆ పొగ మన బస్తీ పిల్లల ఊపిరితిత్తుల్లోకే చేరుతుంది. నాచారానికి చేరువలోని చర్లపల్లిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీమెట్, ఎలక్ట్రానిక్ వ్యర్థాల నుంచి లోహాలను సురక్షితంగా వెలికితీసే విధానాలపై పరిశోధన సాగిస్తున్నది. పాత బోర్డులో విలువ ఉందనడానికి, దాన్ని వెలికితీయడానికి పద్ధతి ఉందనడానికి అదే నిదర్శనం. డిస్కును తుడిచి, అనుమతి పొందిన రీసైక్లింగ్ సంస్థకే యంత్రాన్ని ఇవ్వాలి.

ఈ నెల ఒక సెలవు రోజున మీ ఇంటి పెద్దపిల్లలను కూర్చోబెట్టి టాస్క్ మేనేజర్‌లోని ఆ మూడు అంకెలు చూపించండి. పని తెలిసిన పిల్లలు పొరుగింటి వితంతువుకో, ఫీజు కట్టలేని సహవిద్యార్థికో ఈ సేవ ఉచితంగా చేసిపెడితే అది వారి పుణ్యాల పత్రంలో చేరుతుంది. అల్లాహ్ ప్రసాదించిన ప్రతి అనుగ్రహాన్నీ దుబారా చేయకుండా, వడ్డీ మరక అంటకుండా వినియోగించుకునే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.