అమ్మకాల బోర్డు మీద ఏ అంకె వేయాలి?

ఎరువులు, పురుగుమందులు, వంటనూనెలు, సిమెంటు వంటి సరుకులను ఊరూరా సరఫరా చేసే టోకు సంస్థల ఆఫీసుల్లో గోడకు ఒక బోర్డు ఉండడం మామూలే. సేల్స్‌మన్ల పేర్లు, నెల టార్గెట్టు, నాటి వరకు అయిన అమ్మకం దాని మీద కనిపిస్తాయి. కొన్ని చోట్ల సుద్దముక్క పోయి టీ.వీ. తెర వచ్చింది గాని పద్ధతి మారలేదు. నలుగురి కంట బడే అంకె మనిషిని కదిలిస్తుందనడంలో సందేహం లేదు. అయితే ఏ అంకె వేయాలన్నది చాలామంది యజమానులు గుమస్తాకు వదిలేస్తున్నారు. లాభనష్టాలు తేలేది మాత్రం అక్కడే.

ఈ పద్ధతికి పత్తి వ్యాపారంలోనే పాత చరిత్ర ఉన్నది. స్కాట్లండులోని న్యూ లానార్క్ నూలు మిల్లుల నిర్వహణను 1800లో చేపట్టిన రాబర్ట్ ఓవెన్, ఒక్కొక్క కార్మికుని దగ్గర నాలుగు పలకల చిన్న కొయ్యముక్కను వేలాడదీయించాడు. నలుపు అంటే చెడ్డ పని, నీలం అంతంతమాత్రం, పసుపు మంచిది, తెలుపు శ్రేష్ఠం. నిన్నటి తీరును బట్టి నేడు ఏ రంగు ముందుకు తిప్పాలో పైఅధికారి నిర్ణయించేవాడు. మొదట నలుపే ఎక్కువగా ఉండేదని, క్రమేణా తెలుపు వైపు మారిందని ఓవెన్ 1857లో వెలువడిన తన ఆత్మకథలో చెప్పాడు. తనకు వేసిన రంగు అన్యాయమనుకున్నవాడు నేరుగా ఓవెన్ వద్దకే వెళ్లి చెప్పుకొనే వీలుండేది. నేటి బోర్డుల్లో సాధారణంగా లోపించేది ఇదే.

అమెరికా ఉక్కు రంగంలో పేరుపొందిన చార్లెస్ ష్వాబ్ ఉదంతం వర్తకులలో చాలామందికి తెలిసినదే. పగటి షిఫ్టువారు ఆరుసార్లు ఉక్కు కరిగించి దించారని తెలుసుకొని ఆయన నేల మీద సుద్దతో 6 వేశాడు. రాత్రివారు దానిని చెరిపి 7 వేశారు. మర్నాడు పగటివారు 10 వేసి వెళ్లారు. బోర్డును సమర్థించేవారంతా ఈ కథనే చెబుతారు. కాని దించిన ఉక్కు దించినట్టే లెక్క. పైగా రెండు షిఫ్టులకూ కొలిమి ఒకటే. అమ్మకంలో ఈ రెండూ ఉండవు. మిర్చి, పత్తి పండే మండలాలలో తిరిగేవాని పురుగుమందు అమ్మకాన్ని మెట్ట జొన్న ప్రాంతంలో తిరిగేవానితో పోల్చి ర్యాంకులు వేస్తే, రెండోవాడు నెల తిరగకముందే బోర్డు వైపు చూడడం మానేస్తాడు. నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ అధిపతి జాన్ ప్యాటర్సన్ ఈ చిక్కును ముందే గ్రహించి, ఒక్కొక్క సేల్స్‌మన్‌కు సొంత ప్రాంతం, ఆ ప్రాంతానికి తగిన కోటా ఏర్పరిచాడు. పోటీ ఎవరి కోటాతో వారికే.

ఇక అసలు చిక్కు అరువు. ఇద్దరు సేల్స్‌మన్లు ఉన్నారనుకుందాం. మొదటివాడు రూ. 10 లక్షల సరుకు అమ్మి 4 లక్షలు వసూలు చేశాడు. రెండోవాడు 7 లక్షలు అమ్మి ఆరున్నర లక్షలు రాబట్టాడు. బోర్డు మీద మొదటివాడే మొనగాడు. మార్జిను నూటికి 3 రూపాయలైతే అతని వల్ల వచ్చేది రూ. 30,000. బకాయి 6 లక్షల మీద నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీ చొప్పున మూడు నెలలకు రూ. 27,000 పోతే మిగిలేది రూ. 3,000. రెండోవాని మార్జిను రూ. 21,000, వడ్డీ రూ. 2,250, మిగులు రూ. 18,750. చప్పట్లు మాత్రం మొదటివానికి.

నెలాఖరున టార్గెట్టు కోసం డీలరు గోడౌనులో సరుకు దింపి, సీజను చివర వాపసు తెచ్చుకోవడం కూడా ఈ కోవలోదే. ఇన్వాయిస్ అంకె ఒక్కటే బోర్డెక్కితే సేల్స్‌మన్ ఆ దారే పడతాడు. అతనిని తప్పుపట్టి లాభం లేదు.

ఇది చిన్న సంస్థల జాడ్యమే కాదు. అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కొక్క ఖాతాదారుకు ఎనిమిది సేవలు అమ్మాలని లక్ష్యం పెట్టుకొని శాఖల మీద ఒత్తిడి తెచ్చింది. ఖాతాదారులకు తెలియకుండా ఉద్యోగులు లక్షల సంఖ్యలో ఖాతాలు తెరిచారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. 2020లో మరో 300 కోట్ల డాలర్లకు బ్యాంకు రాజీపడవలసి వచ్చింది.

కనుక టోకు సంస్థలు బోర్డు మీద అమ్మకం పక్కనే వసూలు, గడువు మీరిన బకాయి, వాపసు సరుకు వేయడం మేలు. వాపసును నెల అమ్మకంలోంచి తీసివేసి చూపాలి. మార్పులు రోజూ ఒకే వేళకు జరగాలి. వారానికోసారి దిద్దే బోర్డును ఎవరూ చూడరు. అంకెతో పేచీ ఉన్న సేల్స్‌మన్ బిల్లులు తెచ్చి యజమానితో సరిచూసుకొనే ఏర్పాటు ఉండాలి.

బోర్డు పెట్టే చోటు కూడా ముఖ్యమే. కొందరు దర్పం కోసం కౌంటరు వెనుక గోడకే తగిలిస్తున్నారు. 28వ తేదీన వచ్చిన డీలరు టార్గెట్టుకు ఇంకా ఎంత తక్కువున్నదో చదువుకొని, ఆర్డరు ఇవ్వకుండా అదనపు డిస్కౌంటుకు బిగిసి కూర్చుంటాడు.