‘నాకు తెలియదండీ’ అంటే సరిపోతుందా?

ట్యాక్స్ ఉద్యోగమంటే సెక్షన్లు బట్టీ పట్టడమేనని బీకాం విద్యార్థులు చాలామంది అనుకుంటారు. కానీ వ్యాట్ మోసాల కేసుల్లో అసలు చిక్కు సెక్షన్ దగ్గర కాదు, మనిషి మనసు దగ్గర వస్తుంది. ఆ వ్యాపారికి సంగతి తెలుసా, తెలియదా?

బ్రిటన్‌లో 2000 తర్వాతి సంవత్సరాల్లో సెల్‌ఫోన్లు, కంప్యూటర్ చిప్‌ల చుట్టూ ఓ దందా నడిచింది. ఒకడు వేరే యూరప్ దేశం నుంచి వ్యాట్ లేకుండా సరకు తెస్తాడు. లక్ష పౌండ్ల సరకును అప్పటి 17.5 శాతం వ్యాట్‌తో అమ్మి, ఆ 17,500 పౌండ్లు కట్టకుండా మాయమవుతాడు. సరకు మరో ఇద్దరు ముగ్గురి చేతులు మారుతుంది. చివరివాడు దాన్ని ఎగుమతి చేసి, తాను కట్టిన వ్యాట్ వాపసు ఇమ్మంటాడు. ‘ఎక్కడో పైనున్నవాడు ఎగ్గొడితే నాకేం సంబంధం?’ అన్నది అతని వాదన. న్యాయంగానే ఉంది కదా!

బెల్జియం నుంచి వెళ్లిన కిట్టెల్ కేసులో 2006 జులైలో యూరప్ న్యాయస్థానం దీనికి జవాబిచ్చింది. తన కొనుగోలుకు మోసంతో లింకుందని వ్యాపారికి తెలిసినా, తెలిసి ఉండాల్సిందే అయినా ఆ మినహాయింపు దక్కదంది. బ్రిటన్‌లో అది నిరూపించాల్సింది పన్నుల శాఖే. మోసం ఉండొచ్చన్న అనుమానం చాలదని, ఆ పరిస్థితులకు మోసం తప్ప సబబైన వివరణ ఇంకోటి లేదని తెలిసి ఉండాల్సిన స్థితి కావాలని 2010లో మోబిల్‌ఎక్స్ కేసులో అప్పీల్ కోర్టు తేల్చింది. నన్నడిగితే ముందు చదవాల్సింది ఈ తీర్పే.

మరి మనసులో మాట ఎలా పట్టుకుంటారు? మామూలు ప్రశ్నలతోనే. నిన్నమొన్న పెట్టిన కంపెనీకి అంత టర్నోవర్ ఎలా వచ్చింది? అన్ని ఫోన్లకు బీమా ఎందుకు లేదు? పెట్టెలు తెరిచి చూసిందెవరు? అమ్మేవాడు నేరుగా కొనేవాడికే ఇవ్వొచ్చుగా, మధ్యలో నువ్వెందుకు? వ్యాట్ నంబరు కాగితం ఫైల్లో ఉందంటే ఇవన్నీ తీరిపోవు. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ నేరంలా కనిపించదు, కలిపి చూస్తేనే బొమ్మ తేలుతుంది.

మన దగ్గర బరువు అటు నుంచి ఇటు మారుతుంది. ఇన్‌పుట్ క్రెడిట్‌కు అర్హత ఉందని జీఎస్టీ చట్టం 155వ సెక్షన్ ప్రకారం అడిగినవాడే రుజువు చేసుకోవాలి. కర్ణాటక వ్యాట్ చట్టం కింద వచ్చిన ఎకామ్ గిల్ కాఫీ కేసులో 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఇన్‌వాయిస్, చెక్కు చెల్లింపు చూపిస్తే చాలదంది. సరకు నిజంగా కదిలిందా? లారీ నంబరు, కిరాయి రసీదు, అందినట్టు సంతకం ఏవి?

సీఏ ఆర్టికల్‌షిప్‌లో ఉన్నా, సీజీఎల్ ద్వారా జీఎస్టీ ఇన్‌స్పెక్టర్ పోస్టుకు చదువుతున్నా రేపు మీ టేబుల్ మీదికి వచ్చేది ఇలాంటి ఫైలే. బ్రిటన్ ట్యాక్స్ ట్రిబ్యునల్ తీర్పులు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకటి తీసుకుని, తెల్లకాగితం మీద ఎవరు ఎవరికి ఏ తేదీన ఎంతకు అమ్మారో బాణాలు గీయండి. ఫలితం చదవకముందే అతనికి తెలుసో లేదో మీరే రాసిపెట్టుకుని, తర్వాత జడ్జి రాసిన కారణాలతో పోల్చి చూడండి.